తొమ్మిది కడ్డీల తీగ

కొర్నీలియస్ వోత్ 1961 మార్చిలో పోయాడు. శవపేటికను మోసిన ఆరుగురిలో ఐదుగురు ఆయన సంఘంవాళ్ళే. ఆరోవాడు ఎవరో చాలామందికి తెలియలేదు. సన్నటి మనిషి, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడిచాడు. ఆర్కన్సా నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. ఎవరతను అని మా ఆవిడ అడిగితే, "ముప్పై ఒకటి" అన్నాను. అంతకు మించి అప్పుడు చెప్పలేకపోయాను.

వోత్ గోధుమ రైతు. పొడుగ్గా, మెడ దగ్గర కొంచెం వంగి ఉండేవాడు. కాన్సస్‌లో మా వైపు గాలి ఆగదు. ఆయన ఎప్పుడూ గాలికి ఎదురుగా, టోపీ కళ్ళ మీదికి లాక్కుని నిలబడేవాడు. తండ్రి ఇచ్చిన భూమి మూడొందల ఇరవై ఎకరాలు. 1942 ఏప్రిల్‌లో ప్రభుత్వం అందులో సగం తీసుకుంది, యుద్ధ విమానాలు దిగడానికి. అప్పటికి గోధుమ మోకాలెత్తు ఉంది. యంత్రాలు వచ్చి దాన్ని దున్నేశాయి. ఈ సంగతి ఆయన ఎప్పుడూ ఫిర్యాదుగా చెప్పలేదు. "ఆ ఏడు పంట బాగుండేది" అనేవాడు. అంతే.

వాళ్ళు మెనొనైట్లు, ఒక క్రైస్తవ శాఖ. ఆయుధం పట్టరు. కోర్టులో కూడా ప్రమాణం చేయరు. అవునంటే అవును, దానికి పైన ఇంకో మాట అక్కర్లేదని వాళ్ళ నమ్మకం. మొదటి యుద్ధంలో, 1918లో, సైన్యంలో చేరలేదని పట్నంవాళ్ళు వచ్చి వాళ్ళ ప్రార్థన మందిరం తలుపుకి, పిరికివాళ్ళని చాటే పసుపు రంగు పూసి పోయారట. తరవాత గీకేశారు. చెక్క గీతల్లో ఆ పసుపు ఇప్పటికీ ఉంది.

నేను ఆ స్థావరానికి 1943 ఆగస్టులో వచ్చాను. పేరు బ్రాడ్‌వెల్. బాంబర్లు నడిపేవాళ్ళకి అక్కడ పది వారాల శిక్షణ. నాది గుమాస్తా పని. మాది పెన్సిల్వేనియా బొగ్గు గనుల ఊరు, భుజాలు వెడల్పుగా ఉండేవి కాబట్టి కెప్టెన్ లిండ్‌క్విస్ట్ నన్ను ఫుట్‌బాల్ జట్టులోకి తీసుకున్నాడు. ఆయన యుద్ధానికి ముందు మిన్నెసోటాలో బడిపిల్లలకి ఆట నేర్పేవాడు. నేను పదకొండు రోజులు ఆడాను. పన్నెండో రోజు మోకాలు తిరిగిపోయింది. ఆ తరవాత నా చేతికి ఒక కర్ర ఇచ్చి గీత పక్కన నిలబెట్టారు.

మా ఆటలో బంతి రెండు వైపులా మొనదేలి ఉంటుంది. చేత్తో పట్టుకుని పరిగెత్తడమే ఎక్కువ. నాలుగు విడతల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు విడతలు దక్కుతాయి. పోకపోతే బంతి అవతలివాళ్ళది. అందుకని పది గజాల గొలుసు కావాలి, రెండు కొసలకీ రెండు కర్రలు, వాటికి ఇద్దరు మనుషులు. బ్రాడ్‌వెల్‌కి గొలుసు లేదు. మూడుసార్లు రాసి పంపితే మూడుసార్లూ ఇనుము ఓడలకే చాలడం లేదని జవాబు వచ్చింది. మేం తాడుతో కొలిచేవాళ్ళం. వాన పడితే తాడు కురచయ్యేది, ఎండితే సాగేది.

వోత్ వారానికి రెండుసార్లు స్థావరం వంటశాలకి పాలు తెచ్చేవాడు. ఒక సాయంత్రం బండి ఆపుకుని మేం తాడు లాగడం చూశాడు. ఆట నేల ఒకప్పుడు ఆయన పొలమే. చాలాసేపు చూసి, "తాడుని నమ్మకూడదు" అని వెళ్ళిపోయాడు.

తరవాతి శనివారం ముడితీగ తెచ్చాడు. మొక్కజొన్న విత్తేటప్పుడు పొలానికి అడ్డంగా పరిచే తీగ అది. గజానికి కొంచెం మించిన కడ్డీలు ఒకదానికొకటి కొక్కేలతో కలిసి, కలిసిన ప్రతిచోటా ఒక ముడి ఉంటుంది. యంత్రం ఆ ముడి దగ్గరికి వచ్చినప్పుడల్లా గింజలు పడతాయి. అలా వేస్తే మొక్కలు నిలువునా అడ్డంగానూ వరసలో మొలుస్తాయి, రెండు వైపులా గుంటక తోలుకోవచ్చు. పాత చుట్టలోంచి తొమ్మిది కడ్డీలు విప్పి తెచ్చాడు.

కెప్టెన్ దాన్ని చేత్తో ఎత్తి చూశాడు.

"ఇది పది గజాలేనా?"

"ముడి నుంచి ముడికి నలభై అంగుళాలు. తొమ్మిది కడ్డీలు. మూడొందల అరవై."

"కొలిచారా?"

"మా నాన్న కొలిచాడు."

వెనకాల బ్రూక్లిన్ కుర్రాడు డెల్వెకియో అన్నాడు: "ఇంకేంటి కెప్టెన్ గారూ. వాళ్ళ నాన్న కొలిచాక జనరల్ గారొచ్చినా చేసేదేం లేదు."

అందరూ నవ్వారు. వోత్ నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. ఒక్క షరతు పెట్టాడు. తీగ తనది కాబట్టి ఒక కొస తానే పట్టుకుంటాడు. అలా ఆ శరదృతువంతా, ప్రతి శనివారం, ఆయన వెనక కర్ర దగ్గర, నేను ముందు కర్ర దగ్గర నిలబడ్డాం. మా ఇద్దరి మధ్య ఎప్పుడూ పది గజాలు. లేదా పది గజాలని మేమనుకున్నది.

ఆయన స్థావరానికి వెళ్ళడం సంఘంలో కొందరికి నచ్చలేదు. పాలు పోయడం ఒక ఎత్తు, సైనికుల మధ్య నిలబడి ఆట ఆడించడం ఇంకో ఎత్తు అన్నారు. సంఘ పెద్ద హెన్రీ ష్రాగ్ ఇంటికి వచ్చి అడిగాడు. వోత్ నాతో చెప్పిన ప్రకారం, తన జవాబు ఇది: అక్కడ రెండు పక్షాలు ఉంటాయి, నేను ఏ పక్షమూ కాదు, ఇద్దరికీ ఒకే కొలత పట్టుకుంటాను, నా పని అంతవరకే. ష్రాగ్ కాఫీ తాగడం అయ్యేదాకా ఆలోచించి, కొలత సరిగ్గా ఉన్నంత కాలం వెళ్ళమన్నాడు.

ఆ అనుమతి ఆ ఒక్క షరతు మీద నిలిచి ఉంది.

సోమవారం ఉదయం కార్యాలయం గోడకి జాబితా అంటించేవాళ్ళం. టైపు చేసేది నేనే. అందులో పేరున్నవాళ్ళు బుధవారం యుద్ధానికి రైలెక్కేవాళ్ళు. శనివారానికి అదే జెర్సీలో, అదే అంకెతో ఇంకో మనిషి ఉండేవాడు. ఎనిమిది వారాల్లో బంతి అందించి ఆట నడిపేవాళ్ళు నలుగురు మారారు. నేర్పే సమయం లేక కెప్టెన్ ఏడే ఏడు ఎత్తులు పెట్టుకున్నాడు. రెండు వారాలకి వోత్‌కి ఏడూ కంఠస్థం అయిపోయాయి. ఒక శనివారం, ముందురోజే చేరిన కుర్రాడు దారి తెలియక గీత పక్కకి వచ్చి, "పెద్దాయనా, ఇప్పుడు నేనెటు పోవాలి?" అని అడిగాడు. వోత్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"నేను తీగ పట్టుకున్నానయ్యా" అన్నాడు.

ఆయన భార్య లీనా చిన్న బన్నులు చేసేది. పెద్ద ఉండ మీద చిన్న ఉండ కూర్చోబెట్టి కాల్చేవి, వాళ్ళ ఇళ్ళలో ఆదివారం అవే. సోమవారం పాలబండిలో ఒక సంచి వచ్చేది. జాబితాలో ఉన్నవాళ్ళకి వోత్ తలా రెండు ఇచ్చేవాడు. పేర్లు ఆయనకి తెలియవు. అంకెలు తెలుసు. "ఇరవై రెండు వెళ్తున్నాడా? ఇవి ఇరవై రెండుకి" అనేవాడు. శనివారాల్లో ఇంకో సంచి వచ్చేది, అందులోంచి వచ్చిన జట్టుకీ మా జట్టుకీ సరిసమానంగా పంచేవాడు.

నేను ఇరవై రెండేళ్ళవాణ్ణి. ఆ జాబితాలు టైపు చేయడం నాకు బరువుగా ఉండేది. సోమవారాలు ఆయన రాకపోయి ఉంటే ఎలా గడిచేవో నాకు తెలియదు. ఆయన వచ్చి నా బల్ల పక్కన నిలబడేవాడు, బన్నుల వాసన వచ్చేది, నేను తరవాతి పేరు కొట్టేవాణ్ణి.

అక్టోబరు ముప్పైన క్యాంప్ బార్లో జట్టు వచ్చింది. కాలిబంటు దళం. వాళ్ళూ ఓడలేదు, మేమూ ఓడలేదు. వాళ్ళకి అదే ఆఖరి ఆట. వాళ్ళందరి కాళ్ళకీ కొత్త బూట్లు ఇచ్చారు, అంటే ఎక్కడికో అందరికీ తెలుసు.

రెండు నిమిషాలు మిగిలాయి. వాళ్ళవి పన్నెండు, మావి ఏడు. మాకు నాలుగో విడత, గజంన్నర కావాలి. డెల్వెకియో బంతి పొట్టకి అదుముకుని తల వంచి దూరాడు. అందరూ ఒకరి మీద ఒకరు కూలిపోయారు. రిఫరీ ఒక్కొక్కళ్ళనీ లేపి, చెయ్యెత్తి మమ్మల్ని పిలిచాడు. వోత్ వెనక కర్ర నాటాడు. నేను తీగ బిగించి ముందు కర్ర దించాను. బంతి మొన కర్ర దాటి ఉంది, బొటనవేలి వెడల్పున.

కుప్పలో అట్టడుగున ఉన్నవాడు అప్పుడు లేచాడు. బార్లో ముప్పై ఒకటి. ముఖమంతా మట్టి. అతను రిఫరీ వైపు తిరగలేదు. నా ముందునుంచి పది గజాలు నడిచి వోత్ దగ్గరికి వెళ్ళాడు.

"సార్, నేను పట్టుకున్నాను. అతను అక్కడిదాకా రాలేదు. ఆ తీగ సరైనదేనా?"

"సరైనదే" అన్నాడు వోత్.

అతను తలూపి వెళ్ళిపోయాడు. వాదించలేదు. అతని జట్టువాడొకడు అన్నాడు: "ఒరేయ్ టల్లీ, నీ పొట్ట కింద ఏముందో కూడా నీకు తెలీదంట్రా." రెండు ఎత్తుల తరవాత మేం బంతితో వాళ్ళ చివరి గీత దాటాం, ఏడు పాయింట్లు. పద్నాలుగు, పన్నెండు. స్థావరం మొత్తం అరిచింది. వోత్ తీగ చుట్ట చుట్టి, వాళ్ళ జట్టుకి బన్నులు పంచడానికి వెళ్ళాడు. ముప్పై ఒకటి కూడా రెండు తీసుకున్నాడు.

ఆ తరవాతి శనివారం యాకబ్ కోన్ వచ్చాడు. వోత్ పొలానికి ఎదురు పొలం ఆయనది. సైనిక స్థావరంలో అడుగు పెట్టనని చెప్పిన మనిషి. పెయ్య తప్పించుకుందని, దాన్ని వెతుక్కుంటూ వచ్చానని కాపలావాడితో చెప్పాడట. ఆట మొదలైనప్పటినుంచి అయ్యేదాకా కంచె పక్కన నిలబడి వెతికాడు. మేం గెలిచాం. వోత్ తీగ బండిలో పెడుతుంటే దగ్గరికి వచ్చాడు.

"పెయ్య దొరికిందా యాకబ్? లేకపోతే జెర్సీ వేసుకుని ఆడుతోందా?" అన్నాడు వోత్.

"ఇంట్లోనే ఉందేమో" అన్నాడు కోన్. తీగ వైపు చూస్తున్నాడు. "కొర్నీలియస్, ఆ ఐదో కడ్డీ మాది."

"మీదా?"

"మీ నాన్న ఇరవై తొమ్మిదిలో తీసుకెళ్ళాడు, మీది విరిగితే. ముడికి రాగి చుట్టు ఉంది చూడు, అది మా నాన్న చేతిది. తిరిగిస్తానన్నాడు."

"ఇస్తాను."

"తొందరేం లేదు. అయినా మీదాంట్లో ఎలా పెట్టాడో. మావి ముప్పై ఎనిమిది కదా."

వోత్ తీగని బండిలో పెట్టకుండా ఒళ్ళో పెట్టుకుని తోలుకుంటూ వెళ్ళాడు.

సోమవారం పాలు దించి, నా గదిలోకి వచ్చి ఆ కడ్డీ నా బల్ల మీద పెట్టాడు. ముప్పై ఎనిమిది అంగుళాలు. నాలుగుసార్లు కొలిచానన్నాడు. ఏటా విత్తేటప్పుడు పొలం మధ్యలో ఒకచోట అడ్డవరస తప్పేదట. దానికి పద్నాలుగేళ్ళుగా తాను కంచరగాడిద బెర్తాని కోప్పడుతూ వచ్చాడట, ఎడమవైపు కట్టే గాడిద అది, పొలం సగంలో పక్కకి లాగి వరస చెడగొడుతోందని. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వకపోవడం చూసి ఆపుకున్నాను.

"రెండంగుళాలే కదా మిస్టర్ వోత్" అన్నాను.

"ఆ పిల్లవాడు నన్ను అడిగాడు. నేను సరైనదే అన్నాను."

ఇద్దరం కెప్టెన్ దగ్గరికి వెళ్ళాం. లిండ్‌క్విస్ట్ చెడ్డమనిషి కాదు. ఒక శనివారం ఖాళీ, ఆ పై శనివారం ఇంకొక్క ఆట గెలిస్తే ఓటమి లేకుండా ముగిసే సంవత్సరం అది. ఆయన జీవితంలో అలాంటిది ఇంకోటి రాదని ఆయనకి తెలుసు. మొదట నచ్చచెప్పాడు. రెండు జట్లకీ అదే తీగ, కాబట్టి అన్యాయం ఎవరికీ లేదన్నాడు.

"నిజమే. కానీ అడిగినవాడు ఒక్కడే" అన్నాడు వోత్.

కెప్టెన్ గొంతు పెరిగింది. పత్రికల్లో పడిన ఫలితం మారదని, మళ్ళీ ఆడదామన్నా అవతల జట్టే లేదని, మంగళవారం నాడే వాళ్ళు రైలెక్కారని, ఈపాటికి సముద్రం మీద ఉంటారని అన్నాడు. "ఇప్పుడు చెప్పి ఏం లాభం మిస్టర్ వోత్? వాళ్ళు వెళ్ళిపోయారు."

"వెళ్ళారు కాబట్టే తొందర" అన్నాడు వోత్.

కెప్టెన్ కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. తరవాత ఫోనెత్తి బార్లోకి కలపమన్నాడు. ముప్పై ఒకటి పూర్తి పేరు అడిగి కాగితం మీద రాసి, సైనిక తపాలా అంకెతో సహా వోత్ చేతికిచ్చాడు. తను సంతకం పెట్టనని మాత్రం చెప్పాడు. రేమండ్ టల్లీ, సాధారణ సైనికుడు.

ఉత్తరం నేను టైపు చేశాను. వోత్ నిలబడి చెప్పాడు. మూడు వాక్యాలు. అక్టోబరు ముప్పైన మీరు అడిగినదానికి నేను చెప్పిన జవాబు తప్పు. తీగ రెండంగుళాలు తక్కువ. బంతి మీరు ఆపినచోటే ఆగింది.

తెలియక జరిగిందని ఒక మాట చేర్చమన్నాను.

"తెలీదని రాస్తే అతనికేం వస్తుంది? అది నాకు పనికొచ్చే మాట" అన్నాడు.

ఆదివారం నన్ను ప్రార్థనకి రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. నేను కాథలిక్కుని, పైగా సైనిక దుస్తుల్లో ఉన్నాను. ఆ మందిరంలోకి అలా ఎవరూ వచ్చి ఉండరు. తలుపు పక్కన, పసుపు గీతల దగ్గర కూర్చున్నాను. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ప్రార్థన అయ్యాక వోత్ లేచాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. నాకు అర్థం కావాలని, వాళ్ళు అక్కడ మాట్లాడే జర్మన్ వదిలి ఇంగ్లీషులో చెప్పాడు. నా కొలత సరైనదని సంఘానికి చెప్పాను, అది సరైనది కాదు, నేను కొలవకుండానే చెప్పాను అన్నాడు.

హెన్రీ ష్రాగ్ నెమ్మదిగా అడిగాడు. "సహోదరుడా, దేనికి పశ్చాత్తాపపడుతున్నావు? కొలత తప్పినందుకా, అక్కడికి వెళ్ళినందుకా?"

"కొలత తప్పినందుకు."

"వెళ్ళినందుకు?"

బయట గాలికి గొళ్ళెం కొట్టుకుంటోంది. లీనా ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది. పశ్చాత్తాపపడుతున్నానని ఒక్క మాట అంటే అక్కడితో అయిపోయేది. మందిరంలో అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు.

"లేదు" అన్నాడు వోత్. "ఆ పిల్లలు వెళ్ళేముందు ఎవరో ఒకరు వాళ్ళ పక్కన నిలబడాలి. వెళ్ళినందుకు లేదు."

అప్పుడు మూడో వరసలోంచి యాకబ్ కోన్ లేచాడు. "కడ్డీ మాది. మా నాన్న దాన్ని తిరిగి అడిగి తీసుకోలేదు. అందులో సగం తప్పు మా ఇంటిది" అని కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు.

ష్రాగ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"శనివారం ఆట ఉందా?"

"ఉంది. ఆఖరిది."

"అయితే కొలిచి తీసుకెళ్ళు" అన్నాడు.

ఆ శనివారం వోత్ ఐదో కడ్డీ మార్చి తెచ్చాడు. ఇంజినీర్ల దగ్గర ఉక్కు టేపు అడిగి పుచ్చుకున్నాడు. ఆట మొదలవక ముందు రెండు జట్ల నాయకుల్నీ పిలిచి, తీగని గడ్డి మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాడు. అవతలి నాయకుడికి విసుగొచ్చింది.

"మేం ఆడటానికొచ్చాం పెద్దాయనా, పొలం కొనడానికి కాదు."

"చూడండి" అన్నాడు వోత్. అతను వంగి చూసేదాకా టేపు వదల్లేదు.

మేం ఓడిపోయాం. ఇరవై ఏడు, సున్నా. ఆ వారం జాబితాలో ఆరుగురు ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, డెల్వెకియోతో సహా. తీగ ఒక్కసారే అవసరమైంది, అప్పుడు కూడా మాకు జానెడు తగ్గింది. కెప్టెన్ ఆట అయ్యాక గీత పక్కకి వచ్చి వోత్‌కి చెయ్యి అందించాడు. ఆయన తరవాత చాలా ఏళ్ళు మళ్ళీ పిల్లలకి ఆట నేర్పాడు. ప్రతి ఆటకి ముందూ గొలుసు కొలిపిస్తాడని ఎవరో చెప్పారు.

చలికాలం వచ్చింది. జవాబు రాలేదు. వోత్ సోమవారాలు పాలతో వచ్చి నా బల్ల పక్కన నిలబడేవాడు. ఉత్తరాల పెట్టె వైపు చూసేవాడు.

"రాలేదు" అనేవాణ్ణి.

"నేనడగలేదు" అనేవాడు.

జనవరిలో ఇటలీ వార్తలు వచ్చాయి. బార్లో దళం అక్కడే ఉందని మాకు తెలుసు. ఫిబ్రవరి గడిచింది. ఆయనకి ఉన్న భయమేమిటో నాకు తెలుసు, నాదీ అదే. తప్పు దిద్దుకోవడానికి అవతలి మనిషి బతికి ఉండాలి. మార్చి నుంచి నేను "రాలేదు" అనడం మానేశాను. ఆయన పెట్టె వైపు చూడటం మానలేదు.

మే నెల రెండో వారంలో ఉత్తరం వచ్చింది. కవరు మీద ముద్రలే ముద్రలు. వోత్ పేరు మీద ఉంది కాబట్టి నేను విప్పలేదు. సైకిలు అడిగి తీసుకుని మూడు మైళ్ళు గాలికి ఎదురు తొక్కుకుంటూ వెళ్ళాను. ఆయన మొక్కజొన్న విత్తుతున్నాడు. నన్ను చూసి గాడిదల్ని ఆపాడు. చేతులు మట్టిగా ఉన్నాయి, నువ్వే చదువు అన్నాడు.

రేమండ్ టల్లీ పెన్సిలుతో రాశాడు. వోత్ ఉత్తరం నాలుగు నెలలు తన వెనకాలే తిరిగి ఒక ఆసుపత్రిలో అందిందట. కాలికి దెబ్బ తగిలింది, తగ్గుతోంది. ఆ తరవాత ఇలా ఉంది:

"ఆ రోజు అతన్ని నేను పట్టుకున్నానని నాకు తెలుసు సార్. అతని మోకాలు నా ఛాతీ మీద ఉంది, బంతి నా మోచేతి దగ్గర ఉంది. కానీ తీగ చూశాక నా మీద నాకే అనుమానం వచ్చింది. నేను ఎక్కడున్నానో నాకే సరిగ్గా తెలీదేమోనని. ఇక్కడ అలాంటి అనుమానం పెట్టుకుని ఉండటం కష్టం. మీ ఉత్తరం వచ్చాక అది పోయింది. అప్పుడు నన్ను వెక్కిరించినవాడు పక్క మంచం మీదే ఉన్నాడు. చదివి వినిపించాను. ఆ ఆట గురించి మేం కాసిన పందెంలో ఓడిపోయానని వాడు ఒప్పుకుని ఒక డబ్బా పీచ్ పళ్ళు ఇచ్చాడు. ఇద్దరం తిన్నాం. మీకు చాలా కృతజ్ఞుణ్ణి. మీ బన్నులు బాగున్నాయని ఆ రోజు చెప్పలేదు, కోపంగా ఉన్నాను. బాగున్నాయి."

వోత్ టోపీ తీశాడు. గాలికి ఆయన తెల్ల జుట్టు లేచింది. ఆరుబయట ఆయన్ని టోపీ లేకుండా నేను చూడటం అదే మొదలు.

"పీచ్ పళ్ళ ముక్క మళ్ళీ చదువు" అన్నాడు.

చదివాను.

జూన్‌లో నా పేరు కూడా జాబితాలోకి వచ్చింది. నేనే టైపు చేసుకున్నాను. నాకూ రెండు బన్నులు వచ్చాయి. యుద్ధం అయ్యాక పెన్సిల్వేనియా వెళ్ళకుండా ఇక్కడికే తిరిగి వచ్చాను. జిల్లా సర్వే కార్యాలయంలో ఇరవై తొమ్మిదేళ్ళు భూములు కొలిచాను. సరైనదేనా అని ఎవరైనా అడిగితే, నోటితో చెప్పకుండా టేపు మళ్ళీ పరిచేవాణ్ణి. జనం విసుక్కునేవాళ్ళు. ఆ అలవాటు ఎక్కడిదో చెప్పేవాణ్ణి కాదు. నా బతుకంతా దాని మీదే నడిచింది.

ఆ మే రోజున ఉత్తరం మడిచి వోత్ చొక్కా జేబులో పెట్టాను, ఆయన చేతులు మట్టిగా ఉన్నాయని. ఆయన వెనక్కి తిరిగి విత్తిన నేల చూశాడు. వారం ముందు వేసినవైపు మొలకలు లేచాయి. నిలువునా అడ్డంగానూ సూటిగా ఉన్నాయి, మధ్యలో ఎక్కడా తప్పలేదు. చివరిదాకా చూశాడు. తరవాత జేబులోంచి ఒక ఆపిల్ తీశాడు, నేలమాళిగలో చలికాలం గడిపిన ముడతల పండు. గాడిదల ముందుకి నడిచి ఎడమవైపు నిలబడ్డాడు. బెర్తా అప్పటికే ముసలిది, పై పెదవితో నెమ్మదిగా తడిమి అందుకుంది.

"దీనికీ చెప్పాలి కదా" అన్నాడు.

అది నమిలి మింగేదాకా దాని మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తరవాత పగ్గాలు అందుకున్నాడు.